ఆ ఇల్లాలికి అన్నీ తెలుసు

కొన్ని నవలలు దగ్గర చుట్టాల్లాంటివి. వస్తున్నారంటే సంతోషం, వచ్చి కూర్చున్నాక ఏదో ఒక మాట దగ్గర పేచీ, వెళ్ళిపోయాక మళ్ళీ ఎప్పుడొస్తారో అని బెంగ. ఈడిత్ వార్టన్ రాసిన 'ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్' నాకు అలాంటి నవల. బాగుందా అని ఎవరైనా అడిగితే బాగుందనే చెబుతాను. అందులో సందేహం లేదు. అయితే ఆ 'బాగుంది' వెనకాలే ఒక 'కానీ' నిలబడి వుంటుంది. ఎన్నిసార్లు చదివినా ఆ 'కానీ' పక్కకి తప్పుకోదు.

ఈ నవల 1920లో వచ్చింది. పుస్తకం కాకముందు 'పిక్టోరియల్ రివ్యూ' అనే అమెరికన్ ఆడవాళ్ళ పత్రికలో సీరియల్‌గా వెలువడింది. కొత్త ఫేషన్లూ, గౌన్ల కత్తిరింపులూ వేసే పత్రిక అది. ఆడవాళ్ళ పత్రికల్లో వచ్చే సీరియల్ అనగానే మొహం చిట్లించే పెద్దలకి ఈ సంగతి ఒకసారి చెవిన వేయాలనిపిస్తుంది. ఎందుకంటే మరుసటి ఏడాది, 1921లో, ఆ సీరియల్‌కే పులిట్జర్ బహుమతి వచ్చింది. నవలకి ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఈడిత్ వార్టనే.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. కాలం 1870 ప్రాంతం, వూరు న్యూయార్క్. న్యూలండ్ ఆర్చర్ లాయరు. కలిగినవాడు గనక అతనికి ఆఫీసు మర్యాద కోసమే గానీ కూటి కోసం కాదు. మే వెలండ్ అనే అమ్మాయితో అతనికి పెళ్ళి కుదురుతుంది. తెల్ల గౌను, చేతిలో తెల్లని పూలగుత్తి, ఏ మచ్చా లేని నీలికళ్ళు. ఏ తల్లి అయినా కోడలిగా కోరుకునే పిల్ల. సరిగ్గా అప్పుడే మే మేనమామ కూతురు ఎలెన్ ఒలెన్‌స్కా యూరప్ నించి పుట్టింటికి తిరిగి వస్తుంది. మన వరస ప్రకారం మేకి వదిన. జమీందారీ బిరుదున్న పోలండ్ దొరని చేసుకుని, అతని దుర్మార్గం భరించలేక వచ్చేసిన మనిషి. విడాకులు కావాలంటుంది. కుటుంబం గుండెలు బాదుకుంటుంది. ఆమెకి నచ్చజెప్పి ఆపమని కాబోయే అల్లుడైన ఆర్చర్‌కే ఆ పని అప్పగిస్తారు. అతను శక్తివంచన లేకుండా నచ్చజెబుతాడు, ఆమె ఒప్పుకుంటుంది. ఆ తర్వాత అతను ఆమెనే ప్రేమిస్తాడు. అయినా మేని పెళ్ళి చేసుకుంటాడు. ఇక అక్కణ్ణించీ ముగ్గురి నరకం. అయితే ఎవ్వరూ గొంతు పెంచరు, ఎవ్వరూ తలుపు విసురుగా వెయ్యరు.

ముందు నాకు నచ్చినదాని సంగతి. నలుగురూ కలిసి ఒక మనిషిని ఎలా వెలివేస్తారో ఇంత చక్కగా చూపించిన నవల నేను ఇంకొకటి చదవలేదు. కథ సంగీత నాటకశాలలో మొదలవుతుంది. వేదిక మీద క్రిస్టీన్ నిల్సన్ అనే గాయని పాడుతూ వుంటుంది గానీ, బాక్సుల్లో కూర్చున్న పెద్దమనుషుల చూపంతా ఎదుటి బాక్సుల మీదే. ఎవరొచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఏం తొడుక్కున్నారు. పెళ్ళిపందిట్లో మంత్రాలు వినేదెవరు చెప్పండి! ఎలెన్ గౌన్ మెడ దగ్గర ఎలా వుందన్న దాని మీద ఆమె గుణగణాలు అక్కడికక్కడే తేలిపోతాయి.

ఎలెన్ గౌరవార్థం మింగాట్ వారు విందు ఏర్పాటు చేస్తే, దాదాపు అందరూ రాలేమని కబురు పంపిస్తారు. తిట్టారా? లేదు. కారణం చెప్పారా? అదీ లేదు. రాలేకపోతున్నందుకు చింతిస్తున్నామని మర్యాదగా ఒక చీటీ, అంతే. అప్పుడు ఆర్చరూ, అతని తల్లీ వెళ్ళి వాన్ డెర్ లైడెన్ దంపతులకి మొర పెట్టుకుంటారు. ఆ దంపతుల మాట ఆ వూరికి శిలాశాసనం. వాళ్ళు ఎలెన్‌ని తమ విందుకి పిలుస్తారు. మర్నాటికి ఆమె మంచిదైపోతుంది! మంచీ చెడ్డా అనేవి విందు పిలుపుల మీద ఆధారపడి వుండే లోకాన్ని ఈడిత్ వార్టన్ బయట నించి చూసి రాయలేదు. 1862లో ఆ వీధుల్లో, ఆ కుటుంబాల మధ్యే పుట్టింది. ఆ ఇళ్ళల్లోనే పెరిగి, ఆ లోకంలోవాణ్ణే పెళ్ళాడి, చివరికి 1913లో తానూ విడాకులు తీసుకుంది. ఈ నవల రాసేనాటికి ఫ్రాన్సులో స్థిరపడిపోయింది. పుట్టింటి గుట్టు విప్పాలంటే కొంచెం దూరం వెళ్ళి కూర్చోవాలి కాబోలు.

ఇక పేచీల సంగతి. మొదటిది చిన్నది. ఈ నవలలో వస్తువులు మరీ ఎక్కువ. పింగాణీ, వెండి, పూలు, ఏ విందులో ఏ పక్షి మాంసం వడ్డించారో, పారిస్ నించి తెప్పించిన గౌన్లు వెంటనే తొడుక్కుంటే చవకబారుతనమని రెండేళ్ళు పెట్టెలో దాచే పెద్దింటి ఆడవాళ్ళు... చదువుతూంటే బలే సరదాగా వుంటుంది. ఈ బంగారు పంజరాన్ని చూడండి, ఎంత క్రూరమో అంటుంది రచయిత్రి. అంటూనే పంజరం నగిషీని మురిపెంగా తడుముతూ వుంటుంది. దీన్ని మార్టిన్ స్కోర్సేసీ 1993లో సినిమాగా తీస్తే ఆస్కార్ వచ్చింది దుస్తుల అలంకరణకే. ఆశ్చర్యం లేదు.

ఆ వెండి తోమినవాళ్ళు ఎవరో మాత్రం నవలలో కనపడరు. ఎలెన్ ఇంట్లో పనిచేసే నాస్టాసియాకి ఒక పేరూ, ఒక నవ్వూ వున్నాయి. మిగిలినవాళ్ళు తలుపులు తీసి, కోట్లు అందుకుని మాయమైపోతారు. నవల చివర్లో ఒక రాత్రి మే తన పెళ్ళి గౌన్ తొడుక్కుని నాటకశాలకి వెళ్ళి వస్తుంది. పెళ్ళయిన కొత్తలో అలా తొడుక్కోవడం వాళ్ళ ఆచారం. బండి దిగుతూంటే గౌన్ మెట్టుకి తగులుకుని చిరిగి, అంచంతా బురదవుతుంది. ఆ బురదకి విమర్శకులు గొప్ప గొప్ప అర్థాలు చెబుతారు. చెప్పనివ్వండి. నాకు మాత్రం మర్నాడు ఆ శాటిన్‌ని వుతికిన చేతులు ఎవరివో తెలుసుకోవాలని వుంటుంది.

అసలు పేచీ మాత్రం మే గురించే.

నవలంతా ఆర్చర్ కళ్ళతో చూస్తాం. ఆర్చర్‌కి పుస్తకాలంటే ఇష్టం, బొమ్మలంటే ఇష్టం, తన చుట్టూ వున్నవాళ్ళకంటే తాను ఒక మెట్టు పైనున్నానన్న నమ్మకం. పెళ్ళాంగా రాబోయే పిల్లకి కవిత్వం చదివి వినిపించి, తన అభిరుచికి తగినట్టు దిద్దుకుందామనుకుంటాడు. ఆ పిల్ల దిద్దడానికి లొంగకపోయేసరికి, లోపల ఏమీ లేదని తేల్చేస్తాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకి ఒక శీతాకాలపు రాత్రి మే దీపం దగ్గర కూర్చుని కుట్టుపని చేస్తూ వుంటుంది. అతనికి ఊపిరాడనట్టనిపించి కిటికీ తెరుస్తాడు. చలిగాలి తగిలితే జబ్బు చేస్తుందని ఆవిడ కంగారు. ఈవిడ చచ్చిపోతే నేను స్వేచ్ఛగా వుండొచ్చు కదా అని అతని ఊహ! రచయిత్రి ఆ ఊహని దాచిపెట్టకుండా రాసింది. అయినా చదివేవాళ్ళ జాలి అతని మీదే పడుతుంది. చెయ్యి తిరిగిన నవలాకారులకి వుండే ప్రమాదకరమైన శక్తి ఇదే. ఎవరి కళ్ళలోంచి చూపిస్తే వాళ్ళ పక్షాన మనల్ని నిలబెట్టేస్తారు.

న్యూపోర్ట్‌లో విలువిద్య పోటీల ఘట్టం ఒకటుంది. మే విల్లు ఎక్కుపెట్టి కొట్టిన బాణం సూటిగా గురి మధ్యలో దిగుతుంది. వజ్రం పొదిగిన బాణం ఆకారపు పిన్ను బహుమతిగా వస్తుంది. పక్కనున్న బోఫర్ట్ అనే షావుకారు వెటకారం చేస్తాడు: ఈవిడ గురి ఈ బల్ల దాకానే, ఇంకెక్కడా తగలదని. ఆర్చర్‌కి ఆ మాట గుచ్చుకుంటుంది, ఎందుకంటే తన మనసులోనూ వున్నది అదే. ఇక్కడే వుంది రచయిత్రి కొంటెతనం. ఆ ఇద్దరు మగవాళ్ళ కంటికీ ఆనని విలుకత్తె ఆ తర్వాత కొట్టిన దెబ్బ ఒక్కటీ గురి తప్పలేదు.

మే తెలివితక్కువది కాదని చెప్పడానికి నవల చివరిదాకా ఆగనక్కర్లేదు. పెళ్ళికి ముందే ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో ఒక తోట ఘట్టం వుంది. ఎలెన్ మీద మనసు పోతోందని భయపడ్డ ఆర్చర్ అక్కడికి పరిగెత్తుకెళ్ళి, పెళ్ళి ముందుకి జరుపుదామని మేని బతిమాలతాడు. ఎందుకంత తొందర అని ఆ అమ్మాయి సూటిగా అడుగుతుంది. ఇంకెవరైనా వున్నారా అంటుంది. వుంటే, వాళ్ళకి నువ్వు మాట ఇచ్చి వుంటే, ఒకరికి అన్యాయం చేసి ఆ సుఖం నేను అనుభవించలేను, నిన్ను వదిలేస్తానంటుంది. ఇరవై రెండేళ్ళు నిండీ నిండని పిల్ల, తల్లిచాటు బిడ్డ, ఎంత పెద్ద మాట! నలుగురూ ఏమనుకుంటారన్న బెదురు ఆ మాటలో ఎక్కడా లేదు. నవల మొత్తం మీద అంత ధైర్యంగా, అంత ఉదారంగా మాట్లాడిన మనిషి మరొకరు లేరు, ఎలెన్‌తో సహా.

దానికి ఆర్చర్ ఏం చేస్తాడు? ఆ అమ్మాయి అడిగేది ఎప్పటిదో తన పాత వ్యవహారం గురించని గ్రహించి, హమ్మయ్య అనుకుంటాడు. ఎవరూ లేరంటాడు. న్యూయార్క్ తిరిగొచ్చి ఎలెన్ ముందు మనసు విప్పుతాడు. అదే సమయానికి మే దగ్గర్నించి టెలిగ్రాం అందుతుంది, పెళ్ళి ముందుకి జరపడానికి పెద్దలు ఒప్పుకున్నారని.

నాకు ఈ నవల తాళంచెవి ఆ తోటలోనే దొరుకుతుంది. మే ఒక్కసారి నోరు విప్పి నిజం అడిగింది, అబద్ధం జవాబుగా వచ్చింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఎన్నడూ అడగలేదు. అడిగితే నిజం చెప్పరని తెలిశాక ఎవరైనా ఏం చేస్తారు? చూస్తారు. వింటారు. గుర్తుపెట్టుకుంటారు. తన చుట్టూ వున్నవాళ్ళు ఏ భాషలో బతుకుతున్నారో ఆ భాష నేర్చుకుంటారు. ఆర్చర్ అమాయకత్వం అనుకున్నది నిజానికి ఆవిడ మౌనం. ఆ మౌనానికి మొదటి పాఠం చెప్పిన గురువు అతనే.

ఇంతవరకూ మే పక్షానే వాదించాను. ఇక వాదించలేని చోటు వచ్చింది.

ఆర్చర్ ఎలెన్ కోసం ఇల్లు వదిలి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యే సమయానికి ఎలెన్ హఠాత్తుగా యూరప్ ప్రయాణమవుతుంది. ఆమెని సాగనంపడానికి మే తన ఇంట్లోనే ఘనంగా విందు చేస్తుంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్న ప్రతి మనిషీ తననీ ఎలెన్‌నీ ఏమనుకుంటున్నాడో ఆర్చర్‌కి అప్పుడు గాని తెలియదు. అందరికీ అంతా తెలుసు, అందరూ కలిసే ఈ పని చేశారు. పాముని చంపారు, కర్ర విరగలేదు, పైగా వడ్డన ఏ లోటూ లేకుండా సాగింది. ఎలెన్‌ని బండి దాకా దిగబెట్టే అవకాశం కూడా అతనికి దక్కదు. మేం తీసుకెళ్తామని వాన్ డెర్ లైడెన్ వారు ముందుకొస్తారు. అందరూ వెళ్ళాక, ఇండియాకో జపానుకో దూరంగా పోతానని ఆర్చర్ మొదలుపెడతాడు. వీల్లేదంటుంది మే. తనకి నెల తప్పింది. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అంటే ఇద్దరు తల్లులకీ ఆ ఉదయం చెప్పానంటుంది. ఎలెన్‌కి మాత్రం రెండు వారాల క్రితమే చెప్పింది, అప్పటికి తనకే రూఢిగా తెలియకపోయినా!

ఆ ఒక్క అబద్ధంతో కథ అయిపోయింది. సంసారం నిలబడింది. నూటికి తొంభైమంది భేష్ అంటారు. ఆ సంసారం నిలబడాలని నాకూ వుంటుంది. కానీ ఓడ ఎక్కిందెవరో చూడండి. ఎలెన్ పెళ్ళినాటి సొమ్ము భర్త దగ్గరే వుండిపోయింది. అప్పుడప్పుడు తన భోజనాల బల్ల దగ్గర ఇల్లాలిగా కూర్చుంటే చాలు, ఆ సొమ్ము ఇస్తానని అతని బేరం. ఆమె కాదంటే, దారికి రావాలని పుట్టింటివాళ్ళు ఇచ్చే భత్యం తగ్గించేశారు. వాళ్ళ మంతనాలన్నీ మేకి తెలుసు, ఆర్చర్‌కి తెలియనివ్వలేదు. ఆఖరికి ముసలి మామ్మ కేథరిన్ మింగాట్ కరుణించి ఏర్పాటు చేసింది గనక సరిపోయింది, లేకపోతే ఎలెన్‌కి ఆ భర్త గడపే గతి. పైగా ఎలెన్ ఎటువంటిది? బోఫర్ట్ బ్యాంకు దివాలా తీసి, నిన్నటిదాకా వాళ్ళ ఇంట్లో విందులు కుడిచినవాళ్ళంతా మొహం చాటేస్తే, అతని భార్యని పలకరించడానికి మామ్మ బండిలో పట్టపగలు వెళ్ళిన మనిషి. అలాంటిదాన్ని సాగనంపి ఒక ఇల్లు నిలబెట్టుకున్నారు. ఒక ఆడదాని గోడ పడకుండా ఇంకో ఆడదాని ఇటుకలు పీక్కొచ్చారు. అందులో మగవాడికి పోయినదల్లా ఒక కల.

మేని క్షమించలేను, తప్పు పట్టలేను. మింగనూ లేక కక్కనూ లేక అన్న మాట నాకు ఈ నవల దగ్గరే పూర్తిగా అర్థమవుతుంది.

చివరి అధ్యాయం ఇరవై ఆరేళ్ళ తర్వాత జరుగుతుంది. అందరూ మెచ్చుకునే అధ్యాయం అది. ఆర్చర్‌కి యాభై ఏడేళ్ళు. మూడో బిడ్డకి అంటుజబ్బు చేస్తే రాత్రింబవళ్ళు చేసి, అది తనకి సోకి మే ఎప్పుడో పోయింది. పెద్దకొడుకు డాలస్‌కి పెళ్ళి కుదిరింది. ఎవరితోననుకున్నారు? ఆ దివాలా తీసిన బోఫర్ట్, తాను ఒకప్పుడు చాటుమాటుగా వుంచుకుని భార్య పోయాక పెళ్ళాడిన ఫానీ రింగ్ వుంది చూశారూ, ఆవిడ కూతురితో! ఎవరికీ అభ్యంతరం లేదు. ఏ పరువు కోసం ఎలెన్‌ని ఓడెక్కించారో ఆ పరువు ఒక్క తరంలో గాలికి పోయింది. ఈ వెటకారానికి రచయిత్రికి దణ్ణం పెట్టాలి.

కొడుకు తండ్రిని పారిస్ తీసుకెళ్ళి, ఎలెన్ ఇంటికి వెళదామంటూ మాటల మధ్యలో ఒక సంగతి బయటపెడతాడు. చనిపోయే ముందు రోజు అమ్మ తనని ఒంటరిగా పిలిచి చెప్పిందట, నాన్న దగ్గర మీకేమీ భయం లేదని. ఒకప్పుడు తాను అడిగితే, అన్నిటికంటే ఎక్కువ కోరుకున్నదాన్ని ఆయన వదిలేశారని. అడగలేదు, ఎప్పుడూ అడగలేదు అంటాడు ఆర్చర్. తన త్యాగాన్ని ఒకరు గుర్తించి జాలిపడ్డారని, ఆ ఒకరు తన భార్యేనని తెలిసి అతని మనసు కరుగుతుంది. ఎలెన్ మేడ మీద వుంది. అతను కింద బెంచీ మీద కూర్చుని, పైకి వెళ్ళకుండానే హోటలుకి తిరిగి వెళ్ళిపోతాడు.

చదివినవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. నాకూ చెమరుస్తాయి, అబద్ధమెందుకు. కానీ తుడుచుకున్నాక కోపం వస్తుంది. ఇరవై ఏళ్ళకి పైన ఒక మనిషి అన్నీ తెలిసి, తెలిసినట్టు కనపడకుండా కాపరం చేసింది. ఆ ఇరవై ఏళ్ళు ఆవిడకి ఎలా గడిచాయి? భర్త కిటికీ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ ఆవిడ గుండె ఎలా కొట్టుకుంది? దానికి ఒక పేజీ లేదు. ఆవిడ చావు ఒక వాక్యం, ఆవిడ మనసు కొడుకు నోట ఒక కబురు. ఆర్చర్‌కి బెంచీ మీద కూర్చుని తన జీవితాన్ని తూచుకునే అవకాశం ఇచ్చిన రచయిత్రి, మేకి ఒక కుర్చీ కూడా వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదని తెలుసు. ఆవిడ లోపలికి తీసుకెళ్తే మనకీ ఆర్చర్‌లాగే అంత ఆలస్యంగా తెలియడమనే దెబ్బ తగలదు. నవలలు రాసే మనిషిగా ఆ నేర్పుని మెచ్చుకుంటాను. చదివే ఆడమనిషిగా ఒప్పుకోలేను.

పులిట్జర్ విషయంలో ఒక తమాషా వుంది. న్యాయనిర్ణేతలు ఎంచిన నవల సింక్లేర్ లూయిస్ రాసిన 'మెయిన్ స్ట్రీట్'. పైవాళ్ళు దాన్ని కాదని దీనికిచ్చారు. అమెరికా జీవితంలోని ఆరోగ్యకరమైన వాతావరణాన్నీ, ఉన్నతమైన మర్యాదలనీ చిత్రించే నవలకి ఇవ్వాలన్నది అప్పటి నిబంధన. ఆ మర్యాదల కింద వున్న కత్తిని చూపిస్తే, మర్యాదలు బాగున్నాయని బహుమతి ఇచ్చారు! ఈడిత్ వార్టన్ విసిగిపోయి లూయిస్‌కి ఉత్తరమే రాసింది. ఆవిడ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పెద్దమనుషులు అలా పొరబడటానికి ఆవిడ రాసిన వెండి బంగారాల మెరుపు కూడా కొంత కారణం కాదంటారా?

మీరు ఈ నవల చదివితే ఒక పని చెయ్యండి. ఆర్చర్ ఆలోచనలు వచ్చినప్పుడు కాస్త వేగంగా చదవండి, అవి ఎలాగూ మనసుకి పట్టేస్తాయి. మే మాట్లాడిన చోటల్లా ఆగండి. ఎక్కువ లేవు. ఒక పలకరింపు, వాతావరణం గురించి ఒక మాట, ఎలెన్ తన భర్త దగ్గరే సుఖంగా వుండేదేమోనన్న ఒక మెత్తని వాక్యం. ఆ మాట ఎవరితో అంటోంది, అంటూ ఎవరి మొహంలోకి చూస్తోంది అని మిమ్మల్ని మీరే అడుగుతూ చదవండి. అప్పుడు రాసిన నవల కింద రాయని నవల ఒకటి కనిపిస్తుంది. 1920లో ఈడిత్ వార్టన్ ఆ రెండోది రాయకుండా వదిలేసింది. ఆవిడ మీద నా కోపమూ అందుకే, ఆ పుస్తకాన్ని నా అలమరలో చేతికందే అరలోనే వుంచుకోవడమూ అందుకే.